పదవీ విరమణ తర్వాత పగలు గడవదు, రాత్రి నిద్ర పట్టదు: మీరేం చేశారో చెప్పండి

లెక్కలమాస్టారు
అక్టోబర్ 9, రాత్రి 1:40

అందరికీ నమస్కారం. ఈ వేళప్పుడు రాస్తున్నానంటేనే నా సంగతి మీకు సగం అర్థమై ఉంటుంది.

ముప్ఫై నాలుగేళ్లు ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పాను. 62 నిండి జూన్ నెలాఖరున పదవీ విరమణ చేశాను. శాలువా కప్పారు, పిల్లలు ఏడ్చారు, ఇంటిదాకా వచ్చి దింపారు. జూలై అంతా బంధువుల రాకపోకలతో సరిపోయింది. ఆగస్టు నుంచి మొదలైంది. పొద్దున్న ఎనిమిదీ ముప్పావు అయ్యేసరికి ఒళ్లు దానంతటదే లేచి నిలబడుతుంది, ప్రార్థన గంట కొట్టే వేళ కదా. సాయంత్రం నాలుగూ ఇరవైకి ఆఖరి గంట. నడుమ ఏడు గంటల ముప్ఫై అయిదు నిమిషాలు. అంత పొద్దు ఏం చేసుకోవాలో తోచదు. కాసేపు టీవీ, కాసేపు ఫోను, భోజనం చేసి పడుకుంటే నాలుగింటికి లేవడం. రాత్రి రెండు దాకా పైకప్పు చూడటం.

పింఛను వస్తోంది, అమ్మాయి పెళ్లి అయింది, అప్పుల్లేవు. "మీకేం లోటు మాస్టారూ" అంటారు అందరూ. లోటు లేకపోయినా ఇలా ఉండటమే సిగ్గుగా ఉంది. ఇప్పటికీ పొద్దున్నే చొక్కా వేసుకుని జేబులో ఎర్ర పెన్ను పెట్టుకుంటున్నాను. నిన్న మా ఆవిడ చొక్కా ఉతకబోతూ ఆ పెన్ను తీసి, ఏమీ అనకుండా అలమరలో పెట్టింది. ఏదైనా అని ఉంటే బాగుండేది.

వెలుగురేఖ
అక్టోబర్ 9, ఉదయం 6:15

మాస్టారూ, అంతా మన ఆలోచనల్లోనే ఉంది. చెడు ఆలోచన వచ్చిన వెంటనే తరిమేయండి. పొద్దున్నే అద్దం ముందు నిలబడి నవ్వండి. మీకున్న మంచి విషయాలు రోజూ పది రాయండి. ఇరవై ఒక్క రోజులు చేస్తే అదే అలవాటవుతుంది. నేను చేస్తున్నాను, చాలా బాగున్నాను.

తులసికోట
అక్టోబర్ 9, ఉదయం 11:05

వెలుగురేఖ గారూ, మీది మంచి మనసే, కానీ ఈ మాట వినీ వినీ విసిగిపోయాను. మా అత్తగారికి పక్షవాతం వచ్చి మూడేళ్లయింది. ఎత్తి కూర్చోబెట్టడం, తినిపించడం, బట్టలు మార్చడం అన్నీ నేనే. ఇంటికి వచ్చిన వాళ్లంతా "నవ్వుతూ ఉండు తల్లీ" అని చెప్పి, కాఫీ తాగి వెళ్తారు. ఏడుపొచ్చినప్పుడు కూడా నవ్వాలంటే అది ఇంకొక పని. నాకు ఇప్పటికే చాలా పనులున్నాయి.

మాస్టారు నవ్వడం మరచిపోయి రాయలేదు. తనకు తెలిసిన రోజు పోయిందని రాశారు.

రాత్రిడ్యూటీ
అక్టోబర్ 9, సాయంత్రం 5:30

మాస్టారూ, నేను ప్రభుత్వ ఆసుపత్రి మానసిక విభాగంలో పద్దెనిమిదేళ్లుగా నర్సును. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపికగా చదవండి.

ముందు ఒక ప్రశ్న. రెండు వారాలకు మించి, రోజులో ఎక్కువ భాగం దిగులుగా ఉంటోందా? ఇష్టమైన వాటి మీద కూడా మనసు పోవడం లేదా? ఆకలి తగ్గిందా, చచ్చిపోతే బాగుండుననే ఊహ వస్తోందా? వీటిలో చాలా వాటికి అవునని జవాబు వస్తే, ముఖ్యంగా చివరి దానికి, అలవాట్ల సంగతి తర్వాత, ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి. థైరాయిడ్, బి12 లోపాల వల్ల కూడా మనిషి ఇలా నీరసించిపోతాడు కాబట్టి రక్త పరీక్ష చేయిస్తారు. బయలుదేరడానికి మనసు ఒప్పకపోతే 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ అంటారు, 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. డబ్బు కట్టనక్కరలేదు, ఏ వేళప్పుడైనా తెలుగులో మాట్లాడవచ్చు.

ఇక నిద్ర. మెలకువగా ఉన్న కొద్దీ ఒంట్లో నిద్ర అవసరం పోగవుతుంది. మీరు మధ్యాహ్నం రెండు మూడు గంటలు పడుకుంటే ఆ పోగైనదంతా అక్కడే ఖర్చవుతుంది, రాత్రికి మిగిలేది ఉండదు. పడుకోక తప్పకపోతే ఇరవై నిమిషాలు, అదీ మూడింటిలోపు. సాయంత్రం ఆరుకి తాగిన కాఫీలోని కెఫీన్ రాత్రి పదకొండుకు కూడా ఇంచుమించు సగం ఒంట్లోనే ఉంటుంది. నిద్ర రాకపోతే మంచం మీద దొర్లకండి. లేచి వేరే గదిలో కూర్చుని, మసక వెలుతురులో ఏదైనా మామూలు పని చేసుకుని, కళ్లు మూతలు పడ్డాకే తిరిగి వెళ్లండి. రిచర్డ్ బూట్జిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1972లో చెప్పిన పద్ధతి ఇది, ఇప్పటికీ మేం చెప్పేది ఇదే. మంచం అంటే నిద్ర అని ఒంటికి మళ్లీ నేర్పాలి. పడుకునే వేళ ఎలా ఉన్నా లేచే వేళ మార్చకండి. లేవగానే ఆరుబయట వెలుతురులో కాసేపు నిలబడండి.

ఆలోచనలను తరిమేయడం గురించి. మందు తాగేటప్పుడు కోతిని తలచుకోవద్దన్న వైద్యుడి కథ మనందరం విన్నదే. 1987లో డేనియల్ వెగ్నర్ అమెరికాలో విద్యార్థులను తెల్ల ఎలుగుబంటిని తలచుకోవద్దని చెప్పి పరీక్షించారు. వాళ్లకు అదే గుర్తుకు వచ్చింది, ఆ తర్వాత ఇంకా ఎక్కువగా వచ్చింది. కాబట్టి తరమకండి, దానికి ఒక వేళ పెట్టండి. సాయంత్రం అయిదున్నర నుంచి అరగంట కాగితం మీద దిగుళ్లన్నీ రాయండి. రాత్రి అదే ఆలోచన వస్తే "రేపు అయిదున్నరకు రా" అని చెప్పండి. లెక్కల మాస్టారు కదా, పిల్లలను వరుసలో నిలబెట్టడం మీకు తెలిసిన పనే.

ఒక్కటి మాత్రం నా అనుభవంలో నమ్మకంగా చెప్పగలను. ఉత్సాహం వచ్చాక లేద్దామని పడుకుంటే ఉత్సాహం రాదు. లేచి నాలుగు అడుగులు వేశాక అది వెనకాలే వస్తుంది. గోవాలో డాక్టర్లు కాని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి, తీవ్రమైన దిగులుతో ఉన్నవాళ్ల చేత చిన్న చిన్న పనులు మళ్లీ మొదలుపెట్టించారు. ఆరు నుంచి ఎనిమిది సార్లు కలిశారు, అంతే. చాలా మంది తేరుకున్నారని 2017లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. మా వార్డులో నేను రోజూ చూసేది కూడా ఇదే.

పాతచింత
అక్టోబర్ 10, ఉదయం 5:10

మాస్టారూ, నేను రైతును. వరుసగా రెండేళ్లు పంట నీటిపాలైంది. రెండో ఏడు నెలరోజులు ఇల్లు కదలలేదు. ఎవరైనా "పంట ఎలా ఉంది" అని అడుగుతారేమోనని భయం. ఒకరోజు పక్క చేను ఆయన వచ్చి, ఏమీ అడగకుండా మా అరుగు మీద కూర్చుని చుట్ట కాల్చుకుని వెళ్లిపోయాడు. మర్నాడూ వచ్చాడు. నాలుగో రోజు నేనే నోరు విప్పాను. చెప్పినంత మాత్రాన అప్పు తీరలేదు. కానీ ఆ రాత్రి అన్నం తిన్నాను.

అప్పటినుంచి సాయంత్రం ఒక మనిషిని చూడకుండా పడుకోను. నాకు తెలిసింది ఇంతే.

రాత్రిడ్యూటీ
అక్టోబర్ 10, మధ్యాహ్నం 2:20

పాతచింత గారూ, మీ పక్క చేను ఆయన చేసిన పనినే జింబాబ్వేలో వైద్యంగా మార్చారు. హరారే నగరంలో డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడు 2006లో మొదలుపెట్టారు. ఆరోగ్య కేంద్రాల ఆవరణలో ఒక చెక్క బెంచీ, దాని మీద శిక్షణ పొందిన ఒక అవ్వ. బాధ ఉన్నవాళ్లు వచ్చి ఆమె పక్కన కూర్చుని మాట్లాడతారు. ఆమె అంతా విని, ఉన్న చిక్కుల్లో ఒక్కదాన్ని ఎంచుకుని దానికి ఏం చేయవచ్చో వాళ్ల చేతనే చెప్పిస్తుంది. 573 మందితో చేసిన పరీక్ష 2016లో వెలువడింది. ఆరు నెలల తర్వాత చూస్తే బెంచీ దగ్గర కూర్చున్నవాళ్లలో దిగులు బాగా తగ్గింది. అక్కడి షోనా భాషలో ఈ జబ్బుకు ఒక పేరుంది, కుఫుంగిసిసా. "మరీ ఎక్కువ ఆలోచించడం" అని అర్థం. మన ఊళ్లలో కూడా ఇదే మాట అంటారు కదా, ఆలోచనలు ఎక్కువయ్యాయి అని.

కీబోర్డు
అక్టోబర్ 10, రాత్రి 10:50

మాస్టారూ, నేను మీ శిష్యుల వయసువాణ్ణి. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ పని. నాకు రాత్రిళ్లు బుర్రలో రేపటి పనులు తిరిగేవి. పడుకునే ముందు అయిదు నిమిషాలు రేపు చేయాల్సినవి కాగితం మీద రాయడం మొదలుపెట్టాను. 2018లో మైఖేల్ స్కలిన్ బృందం 57 మంది మీద ఇది పరీక్షించింది. చేయాల్సిన పనులు రాసినవాళ్లు, అయిపోయిన పనులు రాసినవాళ్ల కంటే తొమ్మిది నిమిషాలు ముందుగా నిద్రపోయారు. తొమ్మిది నిమిషాలు తక్కువే అనిపిస్తుంది, కానీ మంచం మీద దొర్లేవాళ్లకు దాని విలువ తెలుసు. ఫోను వంటింట్లో చార్జింగ్‌కు పెట్టి వస్తాను. లేపడానికి వంద రూపాయల గడియారం కొన్నాను.

ఇరవై ఒక్క రోజుల లెక్క మాత్రం సరికాదండీ. లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 96 మందిని గమనించి 2010లో ప్రచురించింది. అలవాటు దానంతటదే జరగడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 చాలు, కొందరికి 254 అని అంచనా వేశారు. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్దగా నష్టం లేదని కూడా తేలింది. ఈ చివరి ముక్క నన్ను కాపాడింది. అంతకుముందు ఒక్కరోజు నడక మానితే, ఇక నా వల్ల కాదని మొత్తం వదిలేసేవాణ్ణి.

తులసికోట
అక్టోబర్ 11, రాత్రి 9:40

మాస్టారూ, మొన్న మీ మాట వదిలేసి నా గోడు చెప్పుకున్నాను, క్షమించండి. నాకు పనికొచ్చినదొకటి చెబుతాను.

సాయంత్రం అయిదున్నర నుంచి ఆరు దాకా పక్కింటి పిన్నిగారు మా అత్తగారి దగ్గర కూర్చుంటారు. నేను అడిగాను, ఆవిడ సరేనన్నారు. అడగడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఆ అరగంట మేడ మీద కనకాంబరాలు కడతాను. దారం తడిపి, రెండు పూలు ఇటు, రెండు అటు పెట్టి, వేలికి మెలివేసి ముడి బిగిస్తాను. అయిదారు ముడుల దాకా చేతులు గబగబా పోతాయి, కింద ఏదో మరిచిపోయినట్టు. ఆ తర్వాత నెమ్మదిస్తాయి. మూర పూర్తయ్యేసరికి ఊపిరి కూడా నెమ్మదిస్తుంది. ఆ పూలు ఎవరు పెట్టుకుంటారన్నది నాకు పట్టదు.

అలవాటు అంటే ఊరికే రాదండీ, దానికి వేళ కావాలి. ఆ వేళ ఇంట్లో ఎవరో ఒకరు తమ చేతుల్లోంచి తీసి ఇవ్వాలి. అందుకే మిమ్మల్ని ఒక మాట అడుగుతాను, తప్పుగా అనుకోకండి. మీ రోజు గడవడం లేదన్నారు. మీ ఆవిడ రోజు ఎలా గడుస్తోంది?

లెక్కలమాస్టారు
అక్టోబర్ 16, రాత్రి 8:30

నర్సమ్మ గారికి ముందుగా జవాబు. డాక్టరుకు చూపించుకున్నాను. బి12 బాగా తక్కువగా ఉందని మందులిచ్చారు. దిగులు గురించి కూడా వివరంగా అడిగారు, నెల తర్వాత మళ్లీ రమ్మన్నారు. చచ్చిపోవాలనే ఊహ లేదు, నిశ్చింతగా ఉండండి.

తులసికోట గారి ప్రశ్నకు ఆ రాత్రే జవాబు రాయబోయి ఆగిపోయాను. నాకు తెలియదు. ముప్ఫై ఏడేళ్ల కాపురం, ఆవిడ రోజు ఎలా గడుస్తుందో నాకు తెలియదు. మూడు రోజులు ఊరికే గమనించాను. అయిదింటికి లేస్తుంది, రాత్రి పదిన్నరకు వంటింటి దీపం ఆర్పుతుంది. పైగా నేను ఇంట్లో ఉండటం మొదలయ్యాక పదకొండింటి టీ, నాలుగింటి టీ కొత్తగా చేరాయి. నేను విరమించాను, ఆవిడకు పని పెరిగింది.

ఆదివారం నుంచి కూరగాయలు తేవడం, తరగడం నావి. గోరుచిక్కుడు కాయలు ఈనెలు తీయడానికి మొదటిరోజు నలభై నిమిషాలు పట్టింది. ఆవిడ పక్కన కూర్చుని చూస్తూ, "మీ పిల్లలకైతే ఈపాటికి రెండు లెక్కలు చెప్పేవారు" అంది. నవ్వాం ఇద్దరమూ. చాలా రోజులైంది.

ఉదయం ఆరింటికి కాలువ గట్టున నడక కూడా మొదలైంది, ఆవిడతో కలిసి. మాది తెనాలి, కాలువలకు కొదవ లేదు. ఆవిడ నాకంటే వేగంగా నడుస్తుందని ఇన్నాళ్లకు తెలిసింది. పగటి నిద్ర మానాను. రాత్రి ఒంటిగంటకు పడుతోంది నిద్ర. రెండు కాదు.

దమ్మాంవాసి
అక్టోబర్ 17, సాయంత్రం 7:15

అన్నయ్య గారూ, నేను సౌదీలో భవన నిర్మాణ పనిలో ఉన్నాను. గదిలో ఆరుగురం, ముగ్గురం జగిత్యాల వైపు వాళ్లం. మీరు రాసినది చదివి మా ఆవిడ గుర్తొచ్చింది.

వచ్చిన మొదటి ఏడాది ఫోనులో రోజూ ఒకటే మాట. "బాగున్నావా, బాగున్నాను, పిల్లలు బాగున్నారు." ఫోను పెట్టేశాక అంతకుముందు కంటే ఒంటరిగా ఉండేది. ఒకరోజు ఆమె "ఇవాళ నాకు ఏమీ బాగోలేదు" అని ఊరుకుంది. నేను కూడా "నాకూ" అన్నాను. అప్పుడు గంట మాట్లాడుకున్నాం. అప్పటినుంచి ఒక నియమం పెట్టుకున్నాం. ఇక్కడ రాత్రి ఎనిమిదికి, అక్కడ పదిన్నరకు, ఆ రోజు జరిగినది ఒక్కటి ఉన్నదున్నట్టు చెప్పాలి, మంచైనా చెడైనా. నిన్న ఆమె చెప్పింది, గేదె దూడ తాడు తెంపుకుని బడిలోకి పోయిందట. నేను చెప్పింది, ఎండకు అరచేతులు పగిలాయని. పాత రోజుల్లో అయితే దాచేవాణ్ణి.

శుక్రవారం సెలవు. ఆ రోజు వంతుల వారీగా ఒకరు పప్పుచారు వండాలి, మిగతావాళ్లు ఫోన్లు పక్కన పెట్టి కింద కూర్చుని తినాలి. ఈ నియమం పెట్టినవాడు వెళ్లిపోయి రెండేళ్లయింది. నియమం ఉంది.

వెలుగురేఖ
అక్టోబర్ 18, ఉదయం 7:00

అందరికీ. నా మొదటి మాట ఎంత తేలికగా ఉందో ఇప్పుడు చదువుకుంటే తెలుస్తోంది. నిజం చెప్పాలంటే ఉద్యోగం పోయిన ఏడాది ఆ మంచి విషయాల జాబితా నన్ను నిలబెట్టింది. అందుకే అందరికీ అదే చెబుతూ వచ్చాను. కానీ అప్పుడు మా అక్క నన్ను తన ఇంట్లో పెట్టుకుని ఆరు నెలలు అన్నం పెట్టింది. ఆ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. జాబితా సంగతే చెప్పాను.

తులసికోట గారూ, మీరెక్కడ ఉంటారో తెలియదు. దగ్గరైతే ఆదివారాలు వచ్చి కూర్చునేదాన్ని.

తులసికోట
అక్టోబర్ 18, రాత్రి 9:50

ఆ మాట చాలమ్మా. మీ అక్కయ్యకు నా నమస్కారం చెప్పండి.

లెక్కలమాస్టారు
నవంబర్ 14, మధ్యాహ్నం 12:10

నెల దాటింది, చెప్పవలసినవి కొన్ని ఉన్నాయి.

పాతచింత గారి మాట బుర్రలో ఉండిపోయింది. సాయంత్రం కాకపోయినా పొద్దున్న ఒక మనిషిని చూడాలని, మా వీధి చివరి గ్రంథాలయానికి వెళ్లడం మొదలుపెట్టాను. అక్కడొక పెద్దాయన రోజూ పత్రికను ముక్కుకు ఆనించి చదవబోయి, విసుగుతో మడిచి పెట్టేసేవారు. రైలు ఇంజను డ్రైవరుగా చేశారట, 74 ఏళ్లు. మధుమేహం వల్ల చూపు మందగించింది. మూడో రోజు అడిగాను, "చదివి పెట్టమంటారా?" అని. గ్రంథాలయంలో పైకి చదవకూడదు కదా, అందుకని ఆయన ఇంటికి వచ్చే పత్రికను చంకలో పెట్టుకుని వస్తారు, బయట వేపచెట్టు కింద సిమెంటు బల్ల మీద కూర్చుంటాం. సంపాదకీయం మొత్తం, తర్వాత రైళ్ల వార్త ఏదైనా ఉంటే అది రెండుసార్లు.

వాదించుకుంటాం కూడా. గొంతు పెంచి, చేత్తో బల్ల కొడుతూ. నలభై మంది పిల్లల ముందు వాడిన గొంతు నాకు ఇన్నాళ్లకు మళ్లీ వినిపించింది.

అన్నీ సర్దుకున్నాయని కాదు. పోయిన వారం పాత సహోద్యోగుల వాట్సాప్ బృందంలో ఒకాయన ఏదో కళాశాలలో మళ్లీ చేరినట్టు ఫొటో పెట్టారు. ఆ రోజంతా నడకకు వెళ్లలేదు, కూర తరగలేదు. మర్నాడు కీబోర్డు బాబు రాసిన 66 రోజుల లెక్క గుర్తొచ్చి మళ్లీ లేచాను. ఆ బృందం చప్పుడు కాకుండా చేసుకున్నాను. అయిదున్నర దిగుళ్ల కాగితం మాత్రం నాకు కుదరలేదు నర్సమ్మ గారూ, రాస్తుంటే పెరుగుతోంది.

రాత్రిడ్యూటీ
నవంబర్ 14, సాయంత్రం 4:40

కుదరకపోతే వదిలేయండి మాస్టారూ. ఒకరికి సరిపడిన మందు ఇంకొకరికి సరిపడదు, అలవాట్లు కూడా అంతే. డాక్టరు నెల తర్వాత రమ్మన్నారు కదా, వెళ్లారా?

లెక్కలమాస్టారు
నవంబర్ 14, సాయంత్రం 6:05

రేపు వెళ్తున్నాను. ఆవిడ కూడా వస్తోంది.

లెక్కలమాస్టారు
డిసెంబర్ 12, రాత్రి 9:20

ఇవాళ ఒకటి జరిగింది. నిన్న రాత్రి పదకొండింటికే నిద్ర పట్టి, పొద్దున్న ఏడూ యాభైకి మెలకువ వచ్చింది. చలికి ఆవిడ కూడా లేపలేదు. గేటు దగ్గర కర్రతో టకటకమని చప్పుడు. వెళ్లి చూస్తే పెద్దాయన. ఆ చూపుతో వీధి దాటి, ఇల్లు అడుగుతూ వచ్చారు. "మాస్టారూ, ఇవాళ హాజరు వేయలేదేమిటి?" అన్నారు.

లోపలికి పిలిచి కాఫీ ఇచ్చి, మా వరండాలోనే సంపాదకీయం చదివాను. ఎక్కడ ఆపామో గుర్తుకు గీత పెట్టాల్సి వచ్చింది, అలమరలోంచి ఎర్ర పెన్ను తీసుకున్నాను. మా ఆవిడ చూసింది. ఈసారి కూడా ఏమీ అనలేదు.

తులసికోట
డిసెంబర్ 12, రాత్రి 9:55

మాస్టారూ, ఆయన కళ్లు ఎవరికైనా చూపించారా? మధుమేహం చూపును ఇంకా తినేయకముందే చూపించాలి. మా మామగారి విషయంలో ఆలస్యం చేశాం.

లెక్కలమాస్టారు
డిసెంబర్ 12, రాత్రి 10:10

కొడుకులు దూరంగా ఉన్నారట, వాయిదా వేస్తూ వచ్చారు. సోమవారం నేను తీసుకెళ్తున్నాను. తొమ్మిదింటి బస్సు.